దోస్త్, ఈ-పాస్: సీటు సులువే, కాగితాలతోనే తంటా

తెలంగాణలో ఇంటర్ పాసైన పిల్లలకు డిగ్రీ సీటు ఇప్పించేది దోస్త్. ఆ సీటుకయ్యే ఫీజు సర్కారు నుంచి వచ్చేలా చూసేది ఈ-పాస్. రెండు వెబ్‌సైట్లూ సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సర్కారు సంస్థ గూటివే. వాడకంలోకి దిగితే మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. దోస్త్‌కు అయిదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. ఈ-పాస్‌కు రెండు దాటి వేయడానికి చేయి రాదు.

హన్మకొండ, వరంగల్, కాజీపేట కాలేజీల కోసం పరకాల, నర్సంపేట, జనగామ, మహబూబాబాద్, ములుగు వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈ రెండూ ఏ మేరకు పనికొస్తాయో, ఎక్కడ మొరాయిస్తాయో చూద్దాం.

2016లో దోస్త్ వచ్చేదాకా ఏ కాలేజీ అప్లికేషన్ ఆ కాలేజీలోనే కొనాలి. ఒక్కోచోట ఒక్కో చివరి తేదీ. ఇప్పుడు ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీల కింద ఉన్న కాలేజీలన్నిటికీ దాదాపుగా ఒకటే దరఖాస్తు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ ఫీజు 200 రూపాయలు. రెండు, మూడు విడతల్లో కొత్తగా చేరేవాళ్లకు 400. ఈ రెట్టింపు లెక్క మింగుడుపడదు. రెండో విడతకు వచ్చేవాళ్లలో చాలామంది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి పాసైనవాళ్లే. ఫలితాలు ఆలస్యంగా వచ్చాయే తప్ప వాళ్లు బద్ధకించింది లేదు. జరిమానా లాంటి ఆ రెండొందలు వాళ్ల నెత్తినే పడుతున్నాయి. ఒక మార్కు కోసింది ఇందుకే.

రిజిస్ట్రేషన్‌కు దారులు మూడు నాలుగున్నాయి. ఆధార్‌కు మొబైల్ నంబర్ లింకై ఉంటే ఇంట్లో కూర్చునే ఇంటర్ హాల్ టికెట్ నంబర్, పుట్టిన తేదీ, ఆధార్ కొట్టి ఓటీపీతో పని కానివ్వొచ్చు. తెలంగాణ ఇంటర్ బోర్డు పిల్లలైతే సర్కారు మొబైల్ యాప్ టీ యాప్ ఫోలియోలో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు. అదీ కుదరకపోతే మీసేవలో వేలిముద్ర. సీబీఎస్ఈ లాంటి వేరే బోర్డుల్లో చదివినవాళ్లు, ఏ దారిలోనూ పని కానివాళ్లు హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోవాలి. జిల్లాలవారీ జాబితా వెబ్‌సైట్లోనే ఉంటుంది. ఫీజు కట్టగానే దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ ఫోన్‌కు వస్తాయి. డబ్బు కట్ అయి ఐడీ రాకపోతే కంగారుపడి మళ్లీ కట్టకండి. ముందు పేమెంట్ స్టేటస్ చూడండి, కాసేపాగి మళ్లీ చూడండి.

ఇక్కడొక హెచ్చరిక. ఆధార్‌కు ఎవరి ఫోన్ లింకై ఉందో రిజిస్ట్రేషన్‌కు ముందే చూసుకోండి. ఎప్పుడో ఆధార్ తీసుకున్నప్పుడు మేనమామ నంబరో, పక్కింటివాళ్ల నంబరో ఇచ్చి ఉంటారు. ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు. మొబైల్ నంబర్ మార్చాలంటే ఆధార్ సెంటర్‌కు మనిషి స్వయంగా పోవాలి, మారడానికి కొన్ని రోజులు పడుతుంది. పరీక్షలు అయిపోయిన వారంలోనే ఈ పని పెట్టుకుంటే మేలు.

అసలు ఆట వెబ్ ఆప్షన్లది, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరసగా ఎంచుకోవడంది. సీటు ఇచ్చేది ఇంటర్ మార్కుల మెరిట్, రిజర్వేషన్, మీరిచ్చిన ఆప్షన్ల వరస చూసి. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10, బీసీలకు అయిదు గ్రూపుల్లో కలిపి 29, ఈ రిజర్వేషన్లేవీ లేని కులాల్లోని పేదలకు, అంటే ఈడబ్ల్యూఎస్‌కు 10. ఎస్టీలకు 6 ఉన్నది 10 అయింది 2022లో. రాష్ట్రం మొత్తమ్మీద ప్రతి ఏడూ దాదాపు సగం సీట్లు మిగిలిపోతుంటాయి కాబట్టి ఏదో ఒక సీటు రాదేమోనన్న భయం అక్కర్లేదు. మరి ప్రతి విడతలోనూ సీటు రాని పిల్లలు వేలల్లో ఎందుకుంటున్నారు? రెండు మూడు ఆప్షన్లు పెట్టి, అవి కూడా పోటీ ఉన్నవే పెట్టి, ఊరుకుంటున్నారు కాబట్టి.

స్క్రీన్ మీద ఒక్కో వరసకు ఒక కాలేజీ, ఒక కోర్సు, ఒక మీడియం. పక్కన ఖాళీ గడిలో 1, 2, 3 అని ప్రాధాన్యం కొట్టాలి. ఒకే కాలేజీలో బీకామ్ జనరల్ ఒక వరస, బీకామ్ కంప్యూటర్ అప్లికేషన్స్ ఇంకో వరస. బీఎస్సీలో మ్యాథ్స్-ఫిజిక్స్-కంప్యూటర్స్ ఒకటి, మ్యాథ్స్-స్టాటిస్టిక్స్-కంప్యూటర్స్ మరొకటి. తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం వేర్వేరు వరసలు. సర్కారు కాలేజీల్లో కూడా కొన్ని కోర్సులు రెగ్యులర్, కొన్ని పిల్లల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్. ఫీజులు అస్సలు పోలవు. కాలేజీ పేరు చూసి టకటకా నంబర్లు వేసుకుంటూ పోయేవాళ్లు పప్పులో కాలేసేది ఈ వరసల దగ్గరే. ముందుగా తెల్ల కాగితం మీద కాలేజీ, కోర్సు, మీడియం, ఫీజు అని నాలుగు గళ్లు గీసి, కనీసం పదిహేను ఇరవై వరసలు రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోండి. సేవ్ చేశాక ప్రింట్ తీసి, కాగితంతో ఒక్కో వరసా పోల్చుకోండి.

హన్మకొండలో పోటీ ఎక్కువుండే సీట్లు తెలిసినవే. సుబేదారి యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఆడపిల్లలకైతే వడ్డేపల్లి దగ్గరి పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల. ఇవి మొదటి అయిదు ఆరు వరసల్లో పెట్టుకోవాల్సినవి. తర్వాత సొంతూరికి దగ్గరి సర్కారు కాలేజీ, ఆ తర్వాతే ప్రైవేటు. నయీంనగర్‌లో ప్రైవేటు కాలేజీల హోర్డింగులు చూసి ఈ వరస తారుమారు చేసుకోకండి. సర్కారు కాలేజీలో ఫీజు తక్కువ కాబట్టి, రీయింబర్స్‌మెంట్ (సర్కారు ఇచ్చే ఫీజు) ఆలస్యమైనా నెత్తిన పడే బరువు తక్కువ. ఈ ఒక్క కారణం చాలు.

జిల్లా పేరుతో వెతికేటప్పుడు ఇంకో తిరకాసు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. వరంగల్ జిల్లా అని వెతికి, కాకతీయ డిగ్రీ కాలేజీ కనపడలేదేమని బెంబేలెత్తితే ఎట్లా? అది హన్మకొండలో ఉంటుంది. రెండు జిల్లాలూ చూడండి. హుజూరాబాద్ వైపు పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఉమ్మడి కరీంనగర్ కాలేజీలు శాతవాహన యూనివర్సిటీ కింద, ఉమ్మడి వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ కాలేజీలు కాకతీయ కింద. దోస్త్‌కు ఆ గీతలతో పనిలేదు. రెండు యూనివర్సిటీల కాలేజీలూ ఒకే జాబితాలో కలిపి పెట్టుకోవచ్చు. దోస్త్‌లో మెచ్చుకోవాల్సిన గుణం ఇదే. రాకపోకల లెక్క మాత్రం ఇంట్లోనే చూసుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి పరకాల నుంచో వర్ధన్నపేట నుంచో రోజూ వచ్చిపోవడం వాళ్లకు భారం కాదు. మగపిల్లలకు స్టూడెంట్ పాస్ ఖర్చు ఉంటుంది.

సీటు వచ్చినట్టు మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. లాగిన్ అయి ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. రీయింబర్స్‌మెంట్ అర్హతను బట్టి ఏమైనా కట్టాలా, ఎంత కట్టాలి అన్నది అక్కడే కనపడుతుంది. గడువులోపు చేయకపోతే సీటు పోయినట్టే. ఎవరూ ఫోన్ చేసి గుర్తుచేయరు. చేశాక ఇంతకంటే మంచి సీటు కావాలనుకుంటే రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టొచ్చు. అయితే కొత్త సీటు వచ్చిందంటే పాతది అప్పుడే ఇంకొకరికి పోతుంది, వెనక్కి రాదు. అందుకని రెండో విడతలో ఇప్పుడున్న సీటు కంటే నిజంగా ఇష్టమైనవి మాత్రమే పెట్టాలి. మొదటి విడత జాబితానే మళ్లీ దింపేసి, చేతిలో ఉన్న మంచి సీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. కాలేజీ మారకుండా గ్రూపు మాత్రమే మార్చుకోవాలంటే చివర్లో ఇంట్రా-కాలేజీ విడత ఉంటుంది, దానికోసం ఆగొచ్చు. అంతా అయ్యాక కాలేజీకి పోయి ఒరిజినల్స్ చూపించి, ఫోన్‌కు వచ్చిన సీసీఓటీపీ (కాలేజీలో చేరిక ఖాయం చేసే ఓటీపీ) చెప్తేనే సీటు ఖాయం. ఆ ఓటీపీ చెప్పారంటే ఒప్పుకున్నట్టే. చేరతామని గట్టిగా అనుకున్నాకే నోరు విప్పండి.

ఇక ఏజెంట్ల సంగతి. ఫలితాలు వచ్చిన రోజు నుంచే కొన్ని ప్రైవేటు కాలేజీల మనుషులు ఊళ్లలోకి దిగుతారు. ‘ఫ్రీగా మేమే అప్లై చేస్తాం, ఆధార్ ఇయ్యి బిడ్డా’ అంటారు. వాళ్లు చేసే పని ఇది: రిజిస్ట్రేషన్ చేసి, దోస్త్ ఐడీ, పిన్ తమ దగ్గర పెట్టుకుంటారు. వెబ్ ఆప్షన్లలో తమ కాలేజీ ఒక్కటే పెట్టి సేవ్ కొడతారు. ఆ సీటు రావడానికి పోటీయే ఉండదు, వచ్చేస్తుంది. పిల్లలు వేరే కాలేజీ పెట్టుకోవాలనుకునేసరికి పిన్ వాళ్ల చేతిలో, ఓటీపీ వాళ్ల ఫోన్‌లో. అప్పుడు చేయగలిగింది ఒక్కటే. ఒరిజినల్ ఆధార్, ఇంటర్ మెమో పట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్‌కు పోయి మొబైల్ నంబర్ మార్పించుకుని, కొత్త పిన్ తీసుకుని, ఆప్షన్లు తీసేసి మళ్లీ పెట్టుకోవాలి. ఆప్షన్ల గడువు దాటకముందే అయితేనే ఇది పనికొస్తుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించుకున్నా పిన్ మీ ఫోన్‌కే రావాలి.

దోస్త్ విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లలో కాలేజీయే నేరుగా చేర్చుకునే స్పాట్ అడ్మిషన్ గురించి ఒక్క మాట: స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘తర్వాత చూసుకుందాం, ముందు చేరు’ అనే మాట నమ్మొద్దు.

ఇప్పుడు ఈ-పాస్. ఇందులో రెండు వేర్వేరు సొమ్ములుంటాయి. కాలేజీ ఫీజు కింద వచ్చేది ఆర్టీఎఫ్. పిల్లల ఖర్చుల కింద వచ్చేది ఎంటీఎఫ్, అందరూ స్కాలర్‌షిప్ అనేది దీన్నే. ఈబీసీలకు, అంటే ఓసీల్లోని పేదలకు, ఆర్టీఎఫ్ ఒక్కటే. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు ఊళ్లో ఉంటే 1.5 లక్షలు, పట్నంలో ఉంటే 2 లక్షలు. ఊళ్లో నెలకు 12,500 దాటితే బీసీ కుటుంబం గీత బయట పడ్డట్టే. ఒక సూపర్‌వైజర్ జీతమో, ఇద్దరి కూలీయో కలిపితే ఈ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. ధరలన్నీ పెరిగి ఈ అంకె మాత్రం ఉన్నచోటే ఉండటం ఈ పథకానికి పెద్ద లోపం. మామూలుగా గందరగోళపడేది మరొకటుంది. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు పరిమితి 8 లక్షలు. అది సీటు రిజర్వేషన్‌కే. ఆ సర్టిఫికెట్‌తో సీటు వచ్చినంత మాత్రాన ఫీజు రాదు, ఫీజుకు ఈబీసీ పరిమితే వర్తిస్తుంది. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ పిల్లలకు ప్రవేశ పరీక్ష ర్యాంకు 10,000 దాటితే ఏడాదికి 35,000 వరకే. మిగతాది ఇంటివాళ్లే కట్టాలి. కాలేజీ ఫీజు లక్ష అయితే 65,000 చేతి నుంచి పోతుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడే ఈ తీసివేత చేసుకోండి.

దరఖాస్తు చిక్కుల్లో ముందు వరసలో ఉండేది ఆదాయ ధ్రువపత్రం. దోస్త్‌కు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే కావాలి. నిరుటిది పెడితే రీయింబర్స్‌మెంట్ అర్హత లేనివాళ్ల లెక్కలో పడతారు. మీసేవలో దరఖాస్తు ఇచ్చాక గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ, తహసీల్దార్ సంతకం అయ్యి చేతికి రావాలి. జూన్‌లో అయితే ఇంటర్, డిగ్రీ, హాస్టళ్లు, గురుకులాలు అన్నిటికీ జనం ఒకేసారి ఎగబడతారు, ఆఫీసులో కట్టలు పేరుకుపోతాయి. ఏప్రిల్ రెండో వారంలో, పరీక్షలైపోయి పిల్లలు ఖాళీగా ఉన్నప్పుడు చేయిస్తే నాలుగు రోజుల ముందూ వెనకా అయినా ఇబ్బంది లేదు. కులం సర్టిఫికెట్‌కు ఈ బాధ లేదు, ఒకసారి తీసుకున్నదే పనికొస్తుంది. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన ఊళ్లవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఊరు ఊరిలాగే ఉన్నా లెక్క పట్నందే, కాబట్టి 2 లక్షల పరిమితి వర్తిస్తుంది. సర్టిఫికెట్ మీద చిరునామా పాత పంచాయతీ పేరుతో వస్తే దరఖాస్తులో గ్రామీణం కింద పడిపోయే ప్రమాదం ఉంది. ప్రింట్ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి.

రెండోది పేరు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. లేదంటే ఇంటిపేరు వెనక్కి పోయి ఉంటుంది. మనుషులకు ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. మార్చాల్సింది ఆధార్‌నే, మెమోలో దిద్దించడం బోర్డు దాకా పోయే పని. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. అందుకని మెమో ముందు పెట్టుకుని, స్పెల్లింగు అక్షరం అక్షరం చూసి ఒక్కసారికే సరిచేయించండి.

మూడోది బ్యాంకు ఖాతా. ఎంటీఎఫ్ విద్యార్థి సొంత ఖాతాకే వస్తుంది. ఖాతాకు ఆధార్ లింకు చేస్తే చాలదు, బ్యాంకులో సీడింగ్ ఫారం ఇచ్చి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) కూడా చేయించాలి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆధార్ ద్వారా వచ్చే డబ్బు చివరగా మ్యాపింగ్ అయిన దాంట్లో పడుతుంది. ‘నాకు రాలేదు’ అనేవాళ్లలో కొందరికి వచ్చే ఉంటుంది, మర్చిపోయిన ఖాతాలో. రెండేళ్లు వాడక నిద్రపోయిన ఖాతా అయితే ముందు కేవైసీ ఇచ్చి లేపాలి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు అయ్యాక ప్రింటుకు ఆధార్, ఎస్సెస్సీ, ఇంటర్ మెమోలు, టీసీ, బోనఫైడ్లు, కులం, ఆదాయం, పాస్‌బుక్ మొదటి పేజీ, దోస్త్ అలాట్‌మెంట్ లెటర్ జిరాక్సులు జోడించి కాలేజీలో ఇవ్వాలి. వేలిముద్ర కూడా పడాలి. కాగితాలు ఇచ్చి వేలిముద్ర వేయనివాళ్ల దరఖాస్తు ఎక్కడికీ కదలదు. కాలేజీ దాన్ని సంక్షేమ శాఖకు పంపిందా లేదా అన్నది ఈ-పాస్ స్టేటస్ పేజీలో అప్లికేషన్ నంబర్‌తో తెలుస్తుంది. దసరాలోపు ఒకసారి చూడండి, కాలేజీ దగ్గరే ఆగి ఉంటే స్కాలర్‌షిప్ క్లర్కును అప్పుడే అడగొచ్చు. మార్చిలో అడిగితే గడువు మూసేశారంటారు. హాజరు 75 శాతం తప్పనిసరి. రెండో ఏడు, మూడో ఏడు రెన్యువల్ మీరే చేసుకోవాలి, దానంతటది జరగదు. ఒక కోర్సు మధ్యలో మానేసి అదే స్థాయి కోర్సులో మళ్లీ మొదటి ఏడు చేరితే రెండోసారి ఇవ్వరు.

హాస్టల్ కావాలంటే సంక్షేమ శాఖల పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లకు విడిగా దరఖాస్తు. అక్కడ ఉంటే ఎంటీఎఫ్ హాస్టల్ లెక్కలోకే పోతుంది, చేతికి రాదు. ఇంటర్ నుంచి పీజీ దాకా మెస్ ఛార్జీ నెలకు 1,500 ఉన్నది 2024లో 2,100 చేశారు. పట్నంలో ప్రైవేటు హాస్టల్ అద్దెతో పోల్చితే ఇప్పటికీ ఇదే నయం.

ఇంతా చేశాక డబ్బు సమయానికి వస్తుందా అంటే, రాదు. ఈ-పాస్‌కు పోయిన మూడు మార్కుల్లో రెండు ఇక్కడే పోయాయి. స్టేటస్‌లో మంజూరైందని కనపడుతుంది, ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబర్ పడుతుంది, నిధులు మాత్రం విడుదల కావు. బకాయిలు పేరుకుపోయి 2024 అక్టోబర్‌లో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు రాష్ట్రవ్యాప్తంగా బంద్ పెట్టాయి. వెబ్‌సైటు ఎంత బాగా పనిచేసినా ఖజానా తలుపు తెరవలేదు. నష్టమంతా చివరి సెమిస్టర్ అయిపోయిన పిల్లలకు. పీజీకో ఉద్యోగానికో టీసీ, మెమోలు అడిగితే ‘ఆర్టీఎఫ్ రాలేదు, కట్టి తీసుకుపో’ అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని 2018 అక్టోబర్‌లోనే యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ యూజీసీ చెప్పింది. అదే నోటిఫికేషన్‌లో, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందే సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ ఛార్జీ పోను కట్టిన ఫీజంతా, 15 రోజుల లోపైతే 90 శాతం వెనక్కివ్వాలనీ ఉంది. ఈ మాట కాలేజీ ఆఫీసులో నోటితో చెప్తే పట్టించుకోరు. ప్రిన్సిపాల్ పేరిట దరఖాస్తు రాసి, జిరాక్సు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత యూనివర్సిటీకి పోయినా, కలెక్టరేట్ ప్రజావాణికి పోయినా ముందు అడిగేది ఆ ముద్రే.

అప్పటికీ కట్టక తప్పకపోతే ఊరికే కట్టకండి. రసీదు మీద ఏ ఏడాది, ఏ సెమిస్టర్ ట్యూషన్ ఫీజో రాయించి, ‘ఆర్టీఎఫ్ జమ అయ్యాక తిరిగి ఇవ్వబడును’ అన్న వాక్యం కింద సంతకం పెట్టించుకోండి. ఆ రసీదు, ఈ-పాస్ అప్లికేషన్ నంబర్, మంజూరు స్టేటస్ ప్రింట్ ఒకే కవర్లో దాచి, రెండు మూడు నెలలకోసారి స్టేటస్ చూస్తుండండి. కాలేజీ ఖాతాలో పడిన రోజు మీకెవరూ కబురు పెట్టరు.